తడలో వినిపించిన పాత మద్రాసు రేడియో గురించి తెలిసినవారు చెప్పగలరా?

మాది తడ. ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు గానీ, మా నోట ఇంకా నెల్లూరు జిల్లానే. నేనుండేది నెల్లూరులో. మొన్న ఇల్లు సర్దుతుంటే మా తాతయ్య పాత వాల్వు రేడియో బయటపడింది. దాని డయల్ మీద ఆయన పెన్సిల్‌తో పెట్టిన గీతలున్నాయి. ఒకటి 720 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆకాశవాణి మద్రాసు ‘ఏ’ కేంద్రం. ఇంకోటి 837 దగ్గర, విజయవాడ. మూడోది షార్ట్‌వేవ్‌లో ఎక్కడో ఉంది. అది రేడియో సిలోన్ అయ్యుండాలి, అందులో తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదొరై గొంతును మా అమ్మ ఇప్పటికీ అనుకరిస్తుంది!

మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడది 1948 డిసెంబరు 1న. అంటే ఆ పదేళ్లూ మా సరిహద్దు ఊళ్లకు తెలుగు మాట మద్రాసు నుంచే వచ్చిందన్నమాట. తడ అక్కడికి దగ్గర కాబట్టి పగలు కూడా బాగానే అందేదనుకుంటా. విజయవాడ మాత్రం చీకటి పడ్డాకే స్పష్టంగా వచ్చేదని అమ్మ అంటుంది. రాత్రిపూట మీడియం వేవ్ పై వాతావరణాన్ని తాకి దూరంగా దిగుతుంది కదా, అందుకే కాబోలు.

ఆ రోజుల్లో మద్రాసు నుంచి తెలుగు ఏ వేళల్లో వచ్చేది? 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక తగ్గించారా? సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కాస్త అడిగి చెప్పండి. పాత కార్యక్రమాల పత్రిక ఒక్క పేజీ ఫొటో పంపినా చాలు.