పోరు నష్టం, పొందు లాభం అంటారు కదా, మరి పొందు ఎందుకు కుదరదు?

పాత పత్రిక:
వచ్చే వారం మా అమ్మాయి బడిలో వక్తృత్వ పోటీ ఉంది. అంశం ‘ప్రపంచ శాంతి సాధ్యమే’. అనుకూలంగా మాట్లాడతామని పన్నెండు మంది పేర్లిచ్చారట. వ్యతిరేకంగా ఒక్కరూ ఇవ్వలేదు. ఆ పన్నెండు మందిలో నమ్మి మాట్లాడేవారు ఎందరని నా అనుమానం. ఇక్కడున్నది పెద్దవాళ్లం కాబట్టి పావురం బొమ్మలు పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఒకరి మీద ఒకరు తుపాకి ఎత్తినవాళ్లు నిజంగా దాన్ని దించిన చోట్లు ఉన్నాయా? ఉంటే, ఏం చేస్తే దించారు?

లెక్కల పంతులు:
నేను వ్యతిరేకం. నా పేరు రాసుకోండి.

2024లో ప్రపంచ దేశాలన్నీ కలిపి సైన్యాల మీద పెట్టిన ఖర్చు సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లు. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళాల 2024-25 బడ్జెట్ సుమారు 560 కోట్ల డాలర్లు. అక్కడ వంద రూపాయలైతే ఇక్కడ ఇరవై పైసలు. ఇంటాయన మాటలకన్నా ఇంటి పద్దు పుస్తకం ఎక్కువ నిజం చెబుతుంది. ఇక భద్రతా మండలి సంగతి అందరికీ తెలుసు. యుద్ధం చేయగలిగిన పెద్దలకే ‘వద్దు’ అనే హక్కు కూడా ఇచ్చి కూర్చోబెట్టారు. కృష్ణుడంతటివాడు రాయబారానికి వెళ్లి ఐదూళ్లు అడిగితే సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వమన్నారు. మన వక్తృత్వ పోటీలు ఎంత?

కృష్ణా తీరం:
పంతులు గారూ, తెగిపోయిన రాయబారాలకే మనం పద్యాలు కట్టుకుంటాం, కుదిరినవాటిని మరిచిపోతాం. మిజోరం గుర్తుందా?

1959లో అక్కడ వెదురు పూసింది. దాదాపు 48 ఏళ్లకు ఒకసారి పూస్తుంది, దాన్ని వాళ్లు మౌతామ్ అంటారు. ఆ గింజలు తిని ఎలుకలు లెక్కలేనంతగా పెరిగాయి. గింజలు అయిపోయాక పంటల మీద పడ్డాయి. కరవు వచ్చింది. ప్రభుత్వం పట్టించుకోలేదన్న కోపం రగిలింది. కరవు సాయానికి పుట్టిన సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966 ఫిబ్రవరి 28న ఆ ఫ్రంట్ తిరుగుబాటు మొదలైంది. మార్చి 5న మన వైమానిక దళమే మన ఐజ్వాల్ మీద దాడి చేసింది. తర్వాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్కకు తెచ్చి పెట్టారు. 1976లో ప్రభుత్వం, తిరుగుబాటుదారులు ఒప్పందం రాసుకున్నారు, నిలవలేదు. 1986 జూన్ 30న మళ్లీ రాసుకున్నారు, నిలిచింది.

ఈ కథలో నాకు నచ్చే మనిషి తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా కాదు, ప్రధాని రాజీవ్ గాంధీ కూడా కాదు. లాల్ థన్‌హావ్లా. ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి. ఒప్పందం నిలవాలంటే కుర్చీ ఖాళీ చేయాలన్నారు, చేశారు. అందులో లాల్‌డెంగా కూర్చుంటే, ఆయన కింద తాను ఉప ముఖ్యమంత్రిగా పనిచేశారు. మన దగ్గర సహకార సంఘం అధ్యక్ష పదవి వదులుకోవడానికే కోర్టుల దాకా వెళతారు.

2007 ప్రాంతంలో వెదురు మళ్లీ పూసింది. ఎలుకలు వచ్చాయి, పంట పోయింది. ఎవరూ అడవికి పోలేదు. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? ఒకప్పుడు లాల్‌డెంగా వెంట అజ్ఞాతంలో తిరిగిన జొరాంథాంగా.

లెక్కల పంతులు:
వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి. ఒక పక్క భారత సైన్యం, ఇంకో పక్క ఇరవై ఏళ్లు అడవుల్లో తిరిగి అలసిన మనుషులు. దాన్ని మీరు శాంతి అంటున్నారు, నేను అలసట అంటాను. అదే మిజోరం నుంచి 1997లో వేలమంది బ్రూ తెగవాళ్లు త్రిపురకు పారిపోయారు. వాళ్ల సంగతి ఒప్పందంగా తేలడానికి 2020 దాకా పట్టింది. ఆ ముక్క మీరు చెప్పలేదు.

కృష్ణా తీరం:
చెప్పవలసింది. ఒప్పుకుంటున్నాను. కానీ అలసట దానంతట అదే సంతకం పెట్టదు. 1976లో అలసిపోలేదా?

ఓరుగల్లు పాఠకుడు:
అంత దూరం ఎందుకు, 2004 అక్టోబరు హైదరాబాద్ గుర్తు చేసుకోండి. నేనప్పుడు వరంగల్లులో డిగ్రీ చదువుతున్నాను. నక్సలైట్ నాయకులు అడవి నుంచి వచ్చి మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వంతో నాలుగు రోజులు కూర్చున్నారు. మా నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. రెండు పక్షాల మధ్య మాట కలపడానికి విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, ఆయన మిత్రులు 1997 నుంచి తిరిగారు. బెదిరింపులు, నిందలు రెండు వైపుల నుంచీ పడ్డారు.

ఏమైంది? భూముల పంపిణీ గురించి మాట్లాడారు. ఆయుధాల దగ్గర ముడి పడింది. ఊళ్లలోకి తుపాకులతో రాకూడదని ప్రభుత్వం, అది మా ప్రాణరక్షణ అని వాళ్లు. రెండో విడత చర్చలు జరగనే లేదు. 2005 జనవరికల్లా ఎదురుకాల్పులు, చర్చల నుంచి తప్పుకుంటున్నామని వాళ్ల ప్రకటన. ఆగస్టులో ఒక శాసనసభ్యుడి హత్య, వెంటనే నిషేధం. ఇల్లు అలకగానే పండగ కాదని మా నాన్న అప్పుడే అన్నారు. నాకు మాత్రం ఆ నాలుగు రోజులూ పండగలాగే ఉన్నాయి. ఆ ఆశ పెట్టుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

బెల్‌ఫాస్ట్ వాన:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. ఉద్యోగరీత్యా ఉత్తర ఐర్లండ్‌లో ఉంటున్నాను. ఓరుగల్లు వారు చెప్పిన ముడి ఇక్కడా అచ్చంగా ఇదే. ఆయుధాలు ముందు అప్పగిస్తేనే మాట అని ఒక పక్షం, మాట తేలాకే ఆయుధాల సంగతి అని మరో పక్షం. బ్రిటన్‌లోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లకు, ఐర్లండ్‌లో కలవాలనే కేథలిక్కులకు మధ్య దాదాపు ముప్పై ఏళ్ల పోరులో 3,500 మందికి పైగా చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరినప్పుడు ఆ ముడి విప్పలేదు, వాయిదా వేశారు. ఆయుధాలు రెండేళ్లలో తొలగేలా చూస్తామని రాసుకున్నారు. కేథలిక్కుల వైపు పోరాడిన ఐఆర్ఏ అనే సాయుధ దళం ఆయుధాల తొలగింపు పూర్తయింది 2005లో. ఏడేళ్లు!

ఎలా తొలగించారో వినండి. లొంగుబాటు అనే మాట ఎక్కడా రానివ్వలేదు. పర్యవేక్షణకు కెనడా సైనికాధికారి జాన్ డి చాస్టెలెయిన్ నాయకత్వంలో స్వతంత్ర కమిషన్. ఫొటోలు కావాలని ప్రత్యర్థులు పట్టుబట్టారు, ఐఆర్ఏ కుదరదంది. చివరికి ఒక కేథలిక్ మతగురువు, ఒక ప్రొటెస్టెంట్ మతగురువు వెళ్లి కళ్లారా చూసి, అవును, తొలగించారు అని చెప్పారు. ఫొటో దిగితే తలవంపులని ఒక పక్షం బాధ, ఫొటో లేకపోతే ఎలా నమ్మాలని మరో పక్షం అనుమానం. ఈ రెంటి మధ్య దారి చూపింది ఆ ఇద్దరు గురువుల మాటే.

ఇంకొకటి. ఒప్పందమైన నాలుగు నెలలకే, 1998 ఆగస్టు 15న, దాన్ని ఒప్పుకోని చీలిక వర్గం ఒమా అనే చిన్న పట్టణంలో బాంబు పేల్చింది. 29 మంది పోయారు. అప్పుడు చర్చలు చచ్చిపోయాయని ఎవరైనా అనేవారే. ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

లెక్కల పంతులు:
ఇప్పుడు అక్కడ అంతా అన్నదమ్ముల్లా ఉన్నారా మరి?

బెల్‌ఫాస్ట్ వాన:
లేరు. రెండు పేటల మధ్య ఎత్తయిన గోడలు ఇప్పటికీ ఉన్నాయి, శాంతి గోడలని పేరు. 2023కల్లా తీసేస్తామన్నారు, తీయలేదు. లానార్క్ వే అనే వీధిలో గోడకు పెద్ద గేటు ఉంది, రాత్రి మూసేస్తారు. 2021 ఏప్రిల్‌లో అక్కడే కుర్రాళ్లు బస్సు తగలబెట్టారు. కానీ ఆ మరునాడు నేను మామూలుగా ఆఫీసుకు వెళ్లాను. ముప్పై ఏళ్లుగా టాక్సీ నడుపుతున్న పెద్దాయన ఒకరు, “అప్పట్లో ఇలాంటి రాత్రి తర్వాత పొద్దున్న శవాలు లెక్కపెట్టేవాళ్లం, ఇప్పుడు బస్సులు లెక్కపెడుతున్నాం” అన్నారు. మీరు దీన్ని ఏమంటారో మీ ఇష్టం.

ఓరుగల్లు పాఠకుడు:
మన దగ్గర కూడా ముడిని వాయిదా వేసి ఉంటే అని మొదటిసారి అనిపిస్తోంది. కానీ ఏడేళ్లు ఆగడానికి ఏ ముఖ్యమంత్రికి ఓపిక ఉంటుంది? ఏ దళ నాయకుడికి ఉంటుంది?

పాత పత్రిక:
ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. మొత్తం విని, తాను వ్యతిరేకంగా మాట్లాడతానని పేరిచ్చి వచ్చింది! అటువైపు ఎవరూ లేరు కాబట్టి బహుమతి ఖాయమని లెక్క వేసుకుంది. పంతులు గారూ, మీ ఇరవై పైసల లెక్క వాడుకోవచ్చా అని అడుగుతోంది.

లెక్కల పంతులు:
నిరభ్యంతరంగా. అయితే ఆ పన్నెండు మందిలో ఎవరైనా లేచి లాల్ థన్‌హావ్లా కుర్చీ సంగతి ఎత్తితే మాత్రం నా దగ్గరికి పంపకండి. రెండు రోజులుగా దానికి జవాబు వెతుకుతున్నాను, దొరకలేదు.