400 డాలర్ల పాత రష్యన్ రైఫిల్: మా బావ లాభపడ్డాడా, బోల్తా పడ్డాడా?

ఓఎంఆర్ అల్లుడు:
డల్లాస్‌లో ఉండే మా బావ పోయిన వారం 400 డాలర్లు పోసి మోసిన్ నగాంట్ 91/30 కొన్నాడు. సోవియట్ సైన్యం వాడి పక్కన పెట్టిన మిగులు సరుకు. బ్యారెల్ మొదట్లో 1942 అని కొట్టి ఉంది. వీడియో కాల్‌లో చూపిస్తూ "రెండో ప్రపంచ యుద్ధం నా చేతిలో ఉందిరా" అంటాడు. పదిహేనేళ్ల కిందట ఇదే రైఫిల్ అక్కడ 100 డాలర్లకి దొరికేదట. ఈ డబ్బుకి కొత్త వేట రైఫిలే వస్తుంది కదా బావా అంటే నీకేం తెలుసు పొమ్మన్నాడు. చెన్నైలో కూర్చున్న మనకి కొనే యోగం ఎలాగూ లేదు, వాదించుకోవడానికి లైసెన్సు అక్కర్లేదుగా. చెప్పండి.

లెక్కలోడు:
బోల్తాయే. 400కి సావేజ్ యాక్సిస్ లాంటి వేట రైఫిళ్లు కొత్తవి వస్తాయి. 100 గజాల్లో అవి గుళ్లన్నీ అంగుళం, అంగుళంన్నర లోపల పెడతాయి. మోసిన్ మూడు నాలుగు అంగుళాల్లో పెడితే సంబరం చేసుకోవాలి. గురి చూసే దుర్బీను, అదే స్కోప్, పెడదామంటే బోల్ట్ (వెనక్కి లాగి తూటా ఎక్కించే కడ్డీ) పిడి పైకి లేచి అడ్డం. సేఫ్టీ వేయాలంటే బొటనవేలు నొప్పెడుతుంది. పైగా మొత్తం మీద సుమారు 3.7 కోట్లు తయారయ్యాయని అంచనా. అన్ని కోట్లున్నదాన్ని అపురూపం అంటే ఎలా?

బుల్లెట్ బండి:
లెక్కలూ, పాత బుల్లెట్ బండి కొనేవాడి దగ్గరికెళ్లి స్ప్లెండర్‌కి మైలేజీ ఎక్కువ అన్నట్టుంది నీ మాట. అన్నట్టు, ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కీ ఎన్‌ఫీల్డ్ బండికీ చుట్టరికం ఉంది. ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చిన సైకిళ్ల కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. ఆ పేరే తర్వాత మన తిరువొత్తియూరు బండ్ల ఫ్యాక్టరీ దాకా వచ్చింది. బావ కొన్నది చరిత్ర. దానికి అంగుళాల లెక్కేంటి?

పెరంబూరు పెద్దాయన:
నేను ఫౌజులో ఆయుధాల మరమ్మతు పని చేసి వచ్చినవాణ్ణి. ఒకరు ధర అంటున్నారు, ఒకరు చరిత్ర అంటున్నారు, బ్యారెల్ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. పుదుప్పేట పాత సామాన్ల బజార్లో ఇంజను కొంటే పెయింట్ చూసి కొంటామా?

అల్లుడూ, మీ బావకి చెప్పు. ముందు రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని బోల్ట్ బయటికి తీసేయాలి. తర్వాత ఒక తూటాని ముక్కువైపు నుంచి బ్యారెల్ మూతిలో పెట్టాలి. గుండు కొంత దూరం పోయి ఆగాలి. ఇత్తడి అంచు తగిలేదాకా దిగబడిందంటే మూతి అరిగిపోయినట్టు. ఏళ్ల తరబడి సిపాయిలు ఇనప కడ్డీతో మూతివైపు నుంచి తుడిస్తే అలాగే అవుతుంది. ముక్కల మీది నంబర్లన్నీ కలిశాయని మురిసిపోవద్దు. యుద్ధం అయ్యాక సోవియట్ సైన్యం డిపోల్లో అన్నీ విప్పి, ఏ ముక్క దొరికితే ఆ ముక్క బిగించి, కొత్తగా నంబర్లు కొట్టారు. కొనుక్కున్నది 1942 నాటి బ్యారెల్. మిగతావి ఎక్కడివో చెప్పలేం.

అసలు సంగతి తూటా. అప్పట్లో ఈ రైఫిల్ చవక అనిపించింది 440 తూటాల రేకు డబ్బాల వల్లే. నూనె డబ్బాలా కోసుకుని రోజంతా కాల్చుకునేవాళ్లు. ఆ పాత నిల్వలు కరిగిపోయాయి. 2021లో రష్యా నుంచి తూటాల దిగుమతికి అమెరికా కొత్త అనుమతులు ఆపేసింది. ఇంకా పాత డబ్బా దొరికినా తలనొప్పే. ఆ తూటాల ప్రైమర్‌లో, అంటే అడుగున నిప్పు పుట్టించే మందులో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాల్చాక మిగిలే ఉప్పు తేమని లాగుతుంది. మన మెరీనా గాలికైతే తెల్లారేసరికి తుప్పే. ఆ ఉప్పు నూనెకి లొంగదు, నీళ్లకే కరుగుతుంది. వేడినీళ్లు పోసి, పొడిగా తుడిచి, అప్పుడు నూనె రాయాలి. ఈ చాకిరీ ఇష్టమైతే 400 పోయినా బాధ లేదు. ఇష్టం లేకపోతే 100కి వచ్చినా దండగే.

బుల్లెట్ బండి:
పెద్దాయనా, మన త్రీనాట్‌త్రీలు కూడా అక్కడ ఇలాగే అమ్ముతారా?

పెరంబూరు పెద్దాయన:
మన బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్ 2ఏ అని ఒకటి చాలానే వెళ్లింది బాబూ. 1962 చైనా యుద్ధం తర్వాత లీ ఎన్‌ఫీల్డ్‌నే, అంటే ఆ త్రీనాట్‌త్రీ రైఫిల్‌నే, 7.62 తూటాకి సరిపడా గట్టి ఉక్కుతో చేశారు. మ్యాగజైన్‌లో 12 పడతాయి. చాలాకాలం అక్కడ దాన్ని పట్టించుకున్నవాడు లేడు. నన్నడిగితే మోసిన్ కంటే అదే మేలు, బోల్ట్ వెన్నలా జారుతుంది. నాది పక్షపాతమే, ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం ఆశ పెట్టుకోకండి. ఫౌజీ తూటా వాడే రైఫిల్ మామూలు లైసెన్సు మీద రాదు. ఇషాపూర్ వాళ్లు .315 చేసి జనానికి అమ్మేది అందుకే.

లెక్కలోడు:
చివరికి నేనన్నదే కదా, ఇంకో దారిలో వచ్చారు. వాడుకకి కొత్తదే మేలు.

పెరంబూరు పెద్దాయన:
వాడుకకి అయితే నువ్వన్నదే నిజం.

ఓఎంఆర్ అల్లుడు:
బావ ఇప్పుడే చూశాడు. గుండు పూర్తిగా దిగబడింది! ముఖం మాడిపోయింది. కానీ టార్చ్ వేసి చూస్తే మూతి దగ్గర ఒక అంగుళం మేర గుండుని తిప్పే మెలిక గీతలే లేవట, నున్నగా ఉందట. లోపల మాత్రం గీతలు పదునుగా ఉన్నాయంటున్నాడు.

పెరంబూరు పెద్దాయన:
కంగారు పడొద్దను. అది డిపోలో చేసిన పనే. అరిగిన మూతిని కాస్త వెడల్పుగా తొలిచి, గుండు లోపలున్న మంచి గీతల దగ్గరే వదిలేలా చేస్తారు. అలాంటిదానికి నా తూటా పరీక్ష పనికిరాదు. కాల్చి చూడాల్సిందే. కొనేవాళ్లు కొంత విలువ తగ్గిస్తారు గానీ, కొన్ని చక్కగానే కాలుస్తాయి. ముందు ఒక గన్‌స్మిత్‌తో, అంటే తుపాకులు బాగుచేసేవాడితో, హెడ్‌స్పేస్ (బోల్ట్ మూశాక తూటాకి ఉండే చోటు) కొలిపించమను. అది అయ్యేదాకా ట్రిగ్గర్ నొక్కొద్దు.

ఓఎంఆర్ అల్లుడు:
ఆదివారం రేంజ్‌కి వెళ్తున్నాడట, గన్‌స్మిత్ దగ్గర ఆగి. కొత్త తూటాలు ఒక పెట్టె, 20 కొన్నాడు. ధర అడిగితే చెప్పలేదు. అక్క పక్కనే ఉందట.