టిప్ అనే ఖాళీ గీత దగ్గర ఆగిపోయా, కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. డాలస్ వచ్చి పన్నెండు రోజులైంది, ఎంఎస్ ఈ ఫాల్‌లోనే మొదలు. నిన్న రూమ్మేట్స్‌తో బయట తినడానికెళ్తే బిల్లు కింద టిప్ అని ఒక ఖాళీ గీత ఉంది, నేను దాన్ని వదిలేసి సంతకం పెట్టబోతుంటే పక్కనోడు చెయ్యి పట్టుకుని ఆపాడు, ఇరవై శాతం రాయమన్నాడు. మొన్న కాఫీ షాప్‌లో అయితే కాఫీ ఇంకా చేతికి రాకముందే ఆ అమ్మాయి టాబ్లెట్ నా వైపు తిప్పింది, 18, 20, 25 అని మూడు డబ్బాలు, వెనకాల లైన్లో నలుగురు, భయమేసి 20 నొక్కేసా. అసలు ఎక్కడ ఇవ్వాలి, ఎక్కడ అక్కర్లేదు? లోన్ డబ్బుల మీద బతుకుతున్నా, కాస్త అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

*

తమ్ముడూ, కంగారు పడకు, ఆ గీత దగ్గర మేమందరం ఆగినోళ్లమే. పదకొండేళ్లుగా టెక్సాస్‌లోనే ఉన్నా కాబట్టి ఇక్కడి లెక్క చెప్తా.

కుర్చీలో కూర్చున్నాక ఒకళ్లు వచ్చి ఆర్డర్ రాసుకుని, ప్లేట్లు తెచ్చి, నీళ్లు నింపుతూ, చివర్లో బిల్లు కూడా టేబుల్ మీదకే తెచ్చారంటే టిప్ ఇవ్వాల్సిందే. నువ్వే లైన్లో నిలబడి కౌంటర్ దగ్గర డబ్బులు కట్టి నీ ట్రే నువ్వే మోసుకున్నావంటే అక్కర్లేదు, ఇచ్చేవాళ్లు ఇస్తారు, అది వాళ్లిష్టం. ఆ టాబ్లెట్‌లో కింద ఎక్కడో చిన్నగా నో టిప్ అని ఉంటుంది చూడు, అది నొక్కు. వెనకున్నోడు నీ స్క్రీన్ చూడట్లేదు, వాడి ఫోన్ వాడు చూసుకుంటున్నాడు. నేనైతే వారానికి నాలుగుసార్లు వెళ్లే ఒక్కచోట మాత్రం అప్పుడప్పుడు డాలర్ వేస్తా, అంతకుమించి లేదు.

మరి కూర్చుని తినే చోట ఎందుకు తప్పదు అంటే, ఫెడరల్ మినిమమ్ వేజ్, అంటే దేశమంతటికీ పెట్టిన కనీస జీతం, గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచీ అదే. కానీ టిప్పులొచ్చే ఉద్యోగం అయితే ఓనర్ తన జేబులోంచి 2.13 ఇస్తే చాలు, ఈ 2.13 అయితే 1991 నుంచి కదల్లేదు, అప్పటికి నువ్వు పుట్టలేదు కూడా. మిగతా 5.12 టిప్పుల్లో వస్తుందని లెక్క, రాకపోతే ఆ తేడా ఓనరే కట్టాలని రూల్. టెక్సాస్‌లో నడిచేది ఇదే. అంటే మెనూలో నువ్వు చూసే రేటులో వడ్డించిన మనిషి జీతం దాదాపు లేనట్టే, అది నీ దగ్గర విడిగా వసూలు చేస్తున్నారు. ఓనర్ ఇవ్వాల్సింది నా నెత్తిన రుద్దాడని నాకు ఇప్పటికీ మంటే, కానీ ఆ మంట బిల్లు తెచ్చినావిడ మీద చూపిస్తే ఓనర్‌కి పోయేదేమీ లేదు కదా.

ఎంత ఇవ్వాలంటే, మామూలుగా 18 నుంచి 20, మరీ చేతిలో లేనప్పుడు 15, దానికన్నా తగ్గిస్తే ఏదో తప్పు జరిగిందని చెప్పినట్టు. టాక్స్ కలపకముందు ఉన్న మొత్తం మీద వెయ్యి. ఉదాహరణకి తిన్నది 62 డాలర్లు అనుకో, ఇక్కడ 8.25 శాతం టాక్స్ కలిపితే 67.12 అవుతుంది. 62 మీద 20 శాతం అంటే 12.40, 67.12 మీద అయితే 13.42. బిల్లు కింద వాళ్లే సలహాగా వేసిచ్చే అంకెలు చాలాచోట్ల టాక్స్ కలిపినదాని మీద ఉంటాయి, గమనించు. కాలిక్యులేటర్ తియ్యకుండా చెయ్యాలంటే పాయింట్ ఒక అంకె వెనక్కి జరిపి రెట్టింపు చెయ్యి, 62 కి 6.2, దాని రెట్టింపు 12.4, అయిపోయింది. కూపన్ వాడితే తగ్గింపుకి ముందున్న రేటు మీద ఇవ్వాలి, ప్లేట్ మోసిన బరువు కూపన్‌తో తగ్గదు కదా.

ఇప్పుడు నా బుద్ధి తక్కువ కథ ఒకటి. వచ్చిన మొదటి ఏడాది ఒకడి బర్త్‌డేకి తొమ్మిదిమందిమి వెళ్లాం. తిన్నది 240, టాక్స్ 19.80. గుంపు ఆరుగురు దాటితే చాలాచోట్ల టిప్ వాళ్లే కలిపేస్తారు, గ్రాట్యుటీ అని ఒక లైన్ ఉంటుంది, మాకు 18 శాతం, 43.20 వేశారు, మొత్తం 303. నాకేం తెలుసు, కింద ఖాళీ గీత కూడా ఉంది కదా అని పెద్దమనిషిలా ఇంకో 48 రాసి సంతకం పెట్టా. కార్లో కూర్చున్నాక బర్త్‌డే వాడు బిల్లు చూసి ఇదేంట్రా రెండుసార్లు ఇచ్చావ్ అన్నాడు. మనిషికి 33.67 పడాల్సింది 39 పడింది, ఎనిమిదిమంది నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, ఆ 48 లో సగం నేనే పెట్టుకోవాల్సొచ్చింది. కాబట్టి గుంపుగా వెళ్తే ముందు బిల్లు పైనుంచి కిందదాకా చదువు, తర్వాతే పెన్ను తియ్యి.

*

అన్న చెప్పినవన్నీ కరెక్టే, నేను అవతలి వైపు నుంచి చెప్తాను. వర్క్ పర్మిట్ వచ్చాక రెండేళ్లు ఒక రెస్టారెంట్‌లో సర్వర్‌గా చేశాను (పేరు వద్దులే). ఆ టిప్ అంతా మా చేతికే వస్తుందనుకుంటారు గానీ షిఫ్ట్ అయ్యాక బల్లలు తుడిచే అబ్బాయికీ బార్‌లో ఉన్నాయనకీ అందులోంచి వాటా ఇచ్చేవాళ్లం, మా దగ్గర ఆ వాటా మేం అమ్మిన మొత్తం మీద లెక్క కట్టేవాళ్లు. అంటే మీరు సున్నా పెట్టి వెళ్తే మీ టేబుల్ తాలూకు వాటా నేను వేరే టేబుల్ డబ్బుల్లోంచి కట్టేదాన్ని, మీకు వడ్డించినందుకు నాకే ఎదురు ఖర్చు అన్నమాట.

ఇంకోటి తమ్ముడూ, ఇది ఎవరూ చెప్పరు. కార్డు తీసుకెళ్లి రెండు కాగితాలు తెస్తారు కదా, ఒకటి మర్చంట్ కాపీ, ఇంకోటి కస్టమర్ కాపీ. టిప్ రాసి సంతకం పెట్టి మర్చంట్ కాపీ టేబుల్ మీద వదిలెయ్యాలి, రెండోది నువ్వు తీసుకెళ్లాలి. స్టూడెంట్స్ చాలామంది శుభ్రంగా 20 శాతం రాసేసి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు, ఖాళీది నాకు మిగిలేది. ఖాళీ దాని మీద నేనేం వేసుకుంటాను. కింద టోటల్ కూడా నువ్వే కూడి రాయి. క్యాష్ టిప్ ఇస్తున్నావనుకో, గీత మీద క్యాష్ అని రాయి, ఖాళీగా వదలకు. ఫోన్‌లో ముందు టిప్ లేని మొత్తం కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, తర్వాత రెండు మూడు రోజులకి పెరుగుతుంది, మోసం చేశారని బ్యాంకుకి ఫోన్ చెయ్యకు, టిప్ వాళ్లు తర్వాత ఎక్కిస్తారు కాబట్టి అలా అవుతుంది.

వంట బాగోకపోతే టిప్ కొయ్యకండి బాబూ, ఉప్పెక్కువైతే అది నా తప్పు కాదు, చెప్తే మార్చి తెస్తాం, మేనేజర్‌తో మాట్లాడితే బిల్లులోంచి తీసేస్తారు కూడా. నేను నీళ్లు అడిగినా తేలేదు, మొహం చిట్లించాను అంటే అప్పుడు తగ్గించండి, న్యాయమే. ఓనర్లూ మేనేజర్లూ మా టిప్పులు తీసుకోకూడదని 2018 లో చట్టంలోనే పెట్టారు, అయినా నాకు చేతికి క్యాష్ ఇచ్చినవాళ్లే ఎక్కువ నచ్చేవాళ్లు, అబద్ధమెందుకు.

*

సియాటెల్ నుంచి ఒక మాట. ఆ 2.13 కథ దేశమంతా లేదు. వాషింగ్టన్, ఒరెగన్, కాలిఫోర్నియా, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కా, ఈ ఏడింట్లో టిప్పులతో సంబంధం లేకుండా రాష్ట్రం మినిమమ్ వేజ్ పూర్తిగా ఇవ్వాల్సిందే. మరి ఇక్కడ టిప్ మానేశారా అంటే లేదు, అదే 20 అడుగుతారు, అందుకే అన్న చెప్పిన కారణం నాకు సగమే మింగుడుపడుతుంది. ఇది జీతం లెక్కగా మొదలై అలవాటుగా మిగిలిపోయింది అంటాను నేను. న్యూయార్క్‌లో డానీ మేయర్ అని పేరున్న రెస్టారెంట్ల ఓనర్ 2015 లో టిప్పులు ఎత్తేసి మెనూ రేట్లలోనే కలపడం మొదలెట్టాడు, 2020 లో మళ్లీ టిప్పులకే వచ్చేశాడు. అంత పెద్దాయన వల్లే కాలేదు, మనం గీత ఖాళీగా వదిలితే మారుతుందా.

ఇక్కడ ఇంకో చిక్కు సర్వీస్ ఛార్జ్, అది టిప్ కాదు, ఓనర్ ఉంచుకోవచ్చు. మా రాష్ట్రంలో అయితే అందులో ఎంత శాతం పనివాళ్లకి వెళ్తుందో మెనూ మీదా బిల్లు మీదా రాయాలి, అది చదివి మొత్తం వాళ్లకే అని ఉంటే నేను పైన ఏమీ ఇవ్వను.

*

అన్నా అక్కా చాలా థాంక్స్, అందరికీ. ఆ కాఫీ షాప్ 20 శాతం తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తోంది. ఒక్క డౌట్, బఫే అయితే? మనమే వెళ్లి పెట్టుకుంటాం కదా. పార్సిల్ తెచ్చుకుంటే?

*

బఫేలో నీ ఎంగిలి ప్లేట్లు తీసేది, నీళ్లు పోసేది ఒకళ్లున్నారు, పది శాతం పెట్టు. మనోళ్లు ప్లేటు మీద ప్లేటు ఎన్ని మారుస్తారో నీకు తెలిసిందే. పార్సిల్ నువ్వే వెళ్లి తెచ్చుకుంటే అక్కర్లేదు. ఇంటికి తెప్పించుకుంటే మాత్రం బిల్లు చిన్నదైనా మూడు నాలుగు డాలర్లకి తగ్గకు, వాన పడుతుంటే ఐదు. యాప్‌లో డెలివరీ ఫీజు కట్టాం కదా అనకు, ఆ ఫీజు టిప్ కాదు.

*

ఆ జేబులో పెట్టుకెళ్లే కాగితం సంగతి మాత్రం మర్చిపోకు తమ్ముడూ. నిన్నటి బిల్లు నీ దగ్గరుంటే తీసి చూడు, పైన మర్చంట్ కాపీ అని ఉందా?

*

అక్కా... ఉంది.