కాంట్రాక్టు 2027 దాకా ఉన్న మెరెట్‌కి ధర ఎలా కట్టాలి?

ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్) ట్రేడ్ లెక్కలు, అంటే క్లబ్బుల మధ్య ఆటగాళ్ల మార్పిడి లెక్కలు, బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. అప్పటి ఎసెండన్ కెప్టెన్ జాక్ మెరెట్ 2025లో హాథార్న్‌కి వెళ్తానన్నాడు. 1983, 84, 85 గ్రాండ్ ఫైనల్స్ మూడూ ఈ రెండు జట్ల మధ్యే, అందుకే అభిమానులకి అంత కడుపుమంట. కాంట్రాక్టేమో 2027 దాకా ఉంది. ఫ్రీ ఏజెన్సీ (నచ్చిన క్లబ్బుకి వెళ్లే హక్కు) కాంట్రాక్టు అయిపోయినవాళ్లకే కాబట్టి ఆ దారి లేదు. ఆటగాడు, రెండు క్లబ్బులు ముగ్గురూ ఒప్పుకుంటేనే ట్రేడ్. ఎసెండన్ దిగి రాలేదు, అక్టోబరు 15 రాత్రి 7:30 గడువు దాటిపోయింది.

తేలనిది ధర. చాలామంది డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లని క్లబ్బులు వంతులవారీగా ఎంచుకోవడం) పాయింట్లు (మొదటి పిక్‌కి, అంటే మొదటి వంతుకి, 3000) కూడి చూపిస్తున్నారు. అవి క్లబ్ సొంత అకాడమీ కుర్రాళ్ల మీద, పాత ఆటగాళ్ల కొడుకుల (ఫాదర్-సన్) మీద ఇంకో క్లబ్ వేసే బిడ్లని సరిపెట్టడానికి పెట్టినవి, 30 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌ని తూచే రాళ్లు కావు! పైగా ఇప్పుడు రాబోయే రెండేళ్ల పిక్కులూ ఇచ్చుకోవచ్చు. హాథార్న్ బాగా ఆడితే వాళ్లిచ్చే ఆ పిక్ మొదటి రౌండు చివరికి జారిపోతుంది. అలాంటిదాన్ని మీరు ఎంత తగ్గించి లెక్కేస్తారు? జీతంలో కొంత ఎసెండనే భరిస్తే బదులుగా ఇంకేం అడగొచ్చు? అసలు పిక్కులు వదిలేసి ఆడుతున్న కుర్రాణ్ణే అడగడం మేలా?