ఇంటర్నెట్ ఫోన్‌లో నా మాట తెగిపోతోంది, రౌటర్‌లో ఏం మార్చాలి?

ఇంట్లో రౌటర్‌కి కేబుల్‌తోనే ఐపీ ఫోన్ తగిలించాను. స్పీడ్‌కి లోటు లేదు. కానీ ఎవరైనా పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టారంటే చాలు, అవతలివాళ్లకి నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. నాకు మాత్రం వాళ్ల గొంతు శుభ్రంగానే ఉంటుంది. జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) కాల్‌కి ఒక్కోవైపు 100 కేబీపీఎస్ లోపే కదా పట్టేది, మరి ఎందుకిలా?

రౌటర్‌లో ఇంటర్నెట్ కాల్స్ సందేశాల్ని మార్చే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపేశాను. దాంతో ఒకవైపే వినిపించే గోల వదిలింది. ఇప్పుడు క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) దగ్గర ఆగిపోయాను: ఫోన్ ఐపీకి ప్రాధాన్యం ఇస్తే సరిపోతుందా, లేక అప్‌లోడ్ పరిమితిని అసలు స్పీడ్‌కన్నా కాస్త తగ్గించి పెట్టాలా?

ఇంకోటి, కాసేపు వాడకపోతే ఫోన్ మోగడమే మానేస్తోంది. రిజిస్ట్రేషన్ గడువు (ఫోన్ సర్వర్‌లో చేసుకున్న నమోదు చెల్లే సమయం) 3600 సెకన్లు ఉంది. తగ్గించాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.