కాలేజీలో "ఆ రోజు ఏం వేసుకున్నావు?" ప్రదర్శన: అబ్బాయిల మనసుకు పడుతుందా?

గౌతమి తీరం:

అందరికీ నమస్కారం. నేను గోదావరి జిల్లాల్లోని ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఏటా నవంబరు 25 నుంచి డిసెంబరు 10 దాకా మహిళలపై హింసకు వ్యతిరేకంగా పదహారు రోజుల కార్యక్రమాలు జరుపుతాం. వ్యాసరచన పోటీ, ముగ్గుల పోటీ, ఎవరినో ఒకరిని పిలిచి ఉపన్యాసం. ముందు వరసల్లో అమ్మాయిలు వింటారు, వెనక వరసల్లో అబ్బాయిలు ఫోన్లు చూసుకుంటారు. అసలు వినవలసినవాళ్లకు ఒక్క మాటా చేరదు. ఈసారి అలా కానివ్వకూడదని పట్టుదలగా ఉంది.

దానికి కారణం ఉంది. మొన్నామధ్య మా విద్యార్థిని ఒకరిని బస్సులో ఒకడు వేధించాడు. ఆ అమ్మాయి ధైర్యం చేసి వచ్చి చెప్పింది. ఆమె గడప దాటగానే స్టాఫ్ రూములో వినిపించిన మొదటి ప్రశ్న, "ఏ డ్రెస్సులో ఉందట?" అడిగినవారు చెడ్డమనిషి కాదు. పేద పిల్లల పరీక్ష ఫీజులు తన జేబులోంచి కట్టే మనిషి. అందుకే నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగింది. ఆ రోజు ఆ అమ్మాయి కాలేజీ యూనిఫాం చుడీదారులోనే ఉంది, చున్నీకి రెండు వైపులా పిన్నులు కూడా పెట్టుకుంది.

సంగతి తెలిసి మా మూడో సంవత్సరం పిల్లలు ఒక ఆలోచనతో వచ్చారు. అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో 2013లో జెన్ బ్రాక్‌మన్, మేరీ వయాండ్ట్-హీబర్ట్ అనే ఇద్దరు రూపొందించిన ప్రదర్శన అది. లైంగిక దాడికి గురైనవాళ్లు ఆ రోజు తమ ఒంటి మీద ఏముందో చెప్పిన నాలుగు మాటలు తీసుకుని, అలాంటి బట్టలనే సేకరించి, ఆ మాటల పక్కన వేలాడదీస్తారు. జీన్సు, టీషర్టు, సైనిక యూనిఫాం, చిన్నపిల్ల గౌను. ఆ తర్వాత అది చాలా చోట్లకు వెళ్లింది, 2018లో బ్రస్సెల్స్‌లోనూ పెట్టారు. మన దగ్గర పెడితే లంగా ఓణీ, నైటీ, బురఖా, మిరప చేలలో చీర మీద తొడుక్కునే మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, ఇవన్నీ ఉండాలని పిల్లలు పట్టిక రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ గారు పాత రీడింగ్ రూము ఇస్తామన్నారు. పొడవాటి గది, ఒకే తలుపు. పిల్లలు దీపాలు తగ్గించి, ఈలలు, వెకిలి నవ్వులు, వెనకనుంచి దగ్గరవుతున్న అడుగుల చప్పుడు స్పీకర్లలో వినిపించి, లోపలికి వచ్చిన అబ్బాయికి తానే బాధితురాలినన్న భావన కలిగించాలంటున్నారు. ఇక్కడ నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎగ్జిబిషన్‌లో భూత్ బంగ్లా చూసి వచ్చినట్టు కాసేపు భయపడి, బయటికి వచ్చి నవ్వుకుంటూ వెళ్లిపోతే? ఇలాంటివి చేసినవాళ్లు, చూసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. మనిషిని అలా గదిలో ముంచి తీస్తే నిజంగా మార్పు వస్తుందా?

విశాఖ కోడర్:

మేడం, పిల్లల ఆలోచనను పూర్తిగా కొట్టిపారేయకండి. బార్సిలోనాలో పరిశోధకులు గృహహింస కేసుల్లో శిక్షపడిన మగవాళ్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు పెట్టారు. అందులో అద్దం ముందు నిలబడితే కనిపించేది ఆడమనిషి శరీరం. చెయ్యి కదిపితే ఆ చెయ్యి కదులుతుంది. అంతలో ఒక మగవాడు గదిలోకి వచ్చి తిడుతూ, వస్తువులు విసిరేస్తూ మీదిమీదికి వస్తాడు. ఈ పరిశోధన 2018లో అచ్చయింది. ఆ మగవాళ్లకు మొదట్లో ఆడవాళ్ల ముఖంలో భయాన్ని గుర్తుపట్టే శక్తి మిగతావాళ్లకంటే తక్కువగా ఉందట. ఆ అనుభవం తర్వాత అది మెరుగుపడింది. పాల్గొన్న నేరస్తులు 20 మందే, కాబట్టి గొప్ప తీర్పులు చేయలేం. అయినా చదివినప్పటి నుంచి నన్ను ఒక విషయం వెంటాడుతోంది. ఎదుటి మనిషి భయపడుతోందని కంటికి కనిపించకపోతే, ఆగాలని ఎలా తెలుస్తుంది? మా ఆఫీసులో హెడ్‌సెట్లు ఉన్నాయి. మీకు కావాలంటే అడిగి ఇప్పించగలను, వారాంతంలో వచ్చి అమర్చి పెడతాను కూడా.

పాత కౌన్సెలర్:

గౌతమి గారూ, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రంలో నేను కొన్నేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. ప్రదర్శన తప్పకుండా పెట్టండి. చీకటి, స్పీకర్లు మాత్రం వద్దు.

మీరు అబ్బాయిల గురించి ఆలోచిస్తున్నారు, అది సరే. కానీ ఆ గదిలోకి వచ్చేవాళ్లలో ఇదంతా నిజంగా జరిగినవాళ్లు ఉంటారు. అమ్మాయిల్లో ఉంటారు, అబ్బాయిల్లోనూ ఉంటారు. ఆ అడుగుల చప్పుడు వాళ్లకు ప్రదర్శన కాదు, ఒళ్లంతా చల్లబడిపోయి కాళ్లు కదలవు. అలాంటి గదికి ఒకే తలుపు అన్నారు. మీరు రాసినదాంట్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ మాటే. రెండో తలుపు ఉంటే తెరిపించండి. లేకపోతే గదిని అడ్డంగా వాడి, ఎక్కడ నిలబడినా నాలుగు అడుగుల్లో బయటపడేలా బట్టలు కట్టండి. తలుపు దగ్గర ఒక లెక్చరర్, పక్కగదిలో కుర్చీలు, మంచినీళ్లు, మాట్లాడటానికి తెలిసిన ఒక మనిషి ఉండాలి.

విశాఖ సోదరుడు చెప్పిన పరిశోధన మంచిదే. కానీ ఆ మగవాళ్లను ముందూ వెనకా చూసుకోవడానికి నిపుణులు ఉన్నారు. కాలేజీ సందడిలో వరసకట్టి హెడ్‌సెట్ పెట్టుకునే కుర్రవాడికి ఎవరుంటారు? వికలాంగుల విషయంలో ఇలాంటివి ఎప్పటినుంచో చేస్తున్నారు, కళ్లకు గంతలు కట్టి నడిపించడం, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడం. 2017లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, అలా చేసినవాళ్లకు నిస్సహాయత, గందరగోళం పెరిగాయని తేలింది. వికలాంగులు తమ బతుకును ఎంత నేర్పుగా నడుపుకుంటారో వాళ్లకు అర్థం కాలేదు. నేను హైదరాబాద్ ఇనార్బిట్ మాల్‌లో "డైలాగ్ ఇన్ ద డార్క్" చూశాను. 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన ప్రదర్శన అది. కటిక చీకట్లో మమ్మల్ని నడిపించిన గైడ్ చూపులేని యువకుడు. గొంతులను బట్టి ఎవరెక్కడ ఆగిపోయారో కనిపెట్టి, పేరు పెట్టి పిలిచి దారిలో పెట్టాడు. ఆ చీకటి ఇంటికి రాగానే మరిచిపోయాను, ఆ యువకుడి నేర్పును మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. మీ ప్రదర్శనలోనూ దారి చూపవలసింది ఆ అనుభవం గడిచినవాళ్ల మాటే.

అందుకే నా సలహా: అబ్బాయిలను బాధితురాలిగా నటించమనకండి. ఆమె మాటను బయటికి, తమ గొంతుతో చదవమనండి. సుజాన్ లేసీ అనే అమెరికా కళాకారిణి 2015 నవంబరు 25న ఈక్వడార్ రాజధాని కీటోలో ఇదే చేసింది. ఎద్దుల పోరు జరిగే మైదానంలో మగవాళ్లు నిలబడి, హింసకు గురైన ఆడవాళ్లు రాసిన ఉత్తరాలు చదివారు. "నేను" అని మొదలయ్యే వాక్యాన్ని ఒక మగవాడు నోరారా పలకాలంటే, మధ్యలో ఎక్కడో గొంతు ఆగుతుంది. మీరు తెలుగు చెబుతారు కదా, బిగ్గరగా చదివించడం మీకు చేతనైన పని.

బట్టల సంగతి. ఖరీదైన బొమ్మలకు తొడగకండి, హ్యాంగరు చాలు. పక్కన రాసే మాటల్లో జరిగిన దాడి వివరం వద్దు, ఆ బట్ట వివరమే ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒకామె గురించి చెబుతాను, గుర్తు తెలియకుండా కొన్ని సంగతులు మార్చాను. కేసు నమోదైతే ఆ రోజు బట్టలను పోలీసులు కాగితపు కవర్లో పెట్టి, సీలు వేసి, ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. ఆమె ఆస్పత్రిలో, పోలీసుల దగ్గర అన్నిటికీ జవాబులు చెప్పింది, కన్నీళ్లు రాలేదు. చివరికి నన్ను అడిగిన ఒకే ఒక ప్రశ్న, "ఆ చున్నీ మా చెల్లిది. పెళ్లికి కొనుక్కుంది. మళ్లీ ఎప్పుడిస్తారు?" అక్కడ ఏడ్చింది. మీ కార్డు మీద ఇలాంటి రెండు వాక్యాలు చాలు. అరచేతి వెడల్పు కాగితం, చేతిరాత.

పేర్లు, ఊళ్లు, కాలేజీలు, ఫొటోలు ఏవీ ఉండకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం, రెండేళ్ల దాకా జైలు. అందుకే ఇప్పుడు చెప్పబోయే కేసులోనూ పేరు రాయను, పెద్దవాళ్లకు తెలుసు. 1978లో హైదరాబాద్‌లో రాత్రి సినిమా చూసి వస్తున్న దంపతులను నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. ఆమెపై స్టేషన్లో అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా ఆమె ఎలాంటిది, ఎవరితో తిరిగింది అన్నదే చర్చగా మార్చారు. కేసు రాయచూరుకు మారి, నిందితులు విడుదలయ్యారు. బాధితురాలి నడవడికను కోర్టులో తవ్వి ఆమె సాక్ష్యాన్ని తోసిపుచ్చే వెసులుబాటు మన సాక్ష్య చట్టంలోంచి పోవడానికి ఈ శతాబ్దం మొదలు దాకా ఆగాల్సి వచ్చింది. మీ స్టాఫ్ రూములో వినిపించిన ప్రశ్న అంత పాతది. ఒక గోడ దీనికి కేటాయించండి. అమెరికా కథలకంటే ముందు మన పిల్లలకు నల్లకుంట తెలియాలి.

లారెన్స్ నుంచి:

నేను ఖమ్మం నుంచి కాన్సస్ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చాను. 2017లో ఇక్కడ పెట్టినప్పుడు ఆ ప్రదర్శన చూశాను. పై అక్క చెప్పినట్టే, హడావుడి ఏమీ లేదు. గోడకు బట్టలు, పక్కన కాగితం. ఆరేళ్ల పిల్ల వేసుకున్న గౌను దగ్గర అందరం ఆగిపోయాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. నాతో వచ్చిన తెలుగు అబ్బాయి ఒకరు అన్నీ చూసి, నిజమైన బాధతోనే అన్నాడు, "పాపం, అందరూ పద్ధతిగానే ఉన్నారు." నాకు గుండె ఝల్లుమంది. అంటే పద్ధతిగా లేకపోతే? పొట్టి గౌను వేసుకున్నమ్మాయి ఆ లెక్కలో ఎక్కడ? మీరు యూనిఫాం, బురఖా, నైటీ మాత్రమే పెడితే "నిండుగా ఉన్నా జరిగింది, అయ్యో" అన్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. స్లీవ్‌లెస్ జాకెట్టు, పొట్టి గౌను, పబ్బుకు వేసుకున్న టాప్ కూడా అదే వరసలో, అదే ఎత్తున వేలాడాలి. బెంగళూరులో జాస్మీన్ పాతేజా 2003లో మొదలుపెట్టిన బ్లాంక్ నాయిజ్ అనే బృందం వాళ్లు ఏళ్లుగా చెబుతున్నది ఇదే: ఏ బట్టలోనైనా సరే, ఆమె దాన్ని కోరి తెచ్చుకోలేదు. వేధింపు జరిగిన రోజు వేసుకున్న బట్టలను ఆడవాళ్ల నుంచే సేకరించి, పది వేల దుస్తులను ఒక్కచోట నిలబెట్టాలని వాళ్ల సంకల్పం. ఒక మగపిల్లవాడి నిక్కరు, ఒక ట్రాన్స్ మహిళ చీర కూడా పెట్టమని నా మనవి.

గౌతమి తీరం:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పిల్లలకు ఇవన్నీ చదివి వినిపించాను. స్పీకర్లు మానేశాం. చదివే బాధ్యతకు పది మంది అబ్బాయిలు పేర్లు ఇచ్చారు, వాళ్లలో ఇద్దరు వెనక వరసవాళ్లే! విశాఖ తమ్ముడూ, హెడ్‌సెట్లు ఈసారికి వద్దు, కానీ నువ్వు వచ్చి పిల్లలతో ఆ పరిశోధన గురించి మాట్లాడితే సంతోషిస్తాను.

ఒక సమస్య మిగిలింది. మెక్సికోలో మోనికా మేయర్ 1978లో చేసినట్టు, నగరంలో ఒక స్త్రీగా మీకు ఏది నచ్చదు అన్న ప్రశ్నకు ఆడవాళ్లే గులాబీ కాగితాల మీద జవాబు రాసి తీగకు తగిలించే ఏర్పాటు పిల్లలకు బాగా నచ్చింది. మన ప్రశ్న "కాలేజీకి వచ్చే దారిలో" అని మార్చుకున్నాం. ప్రిన్సిపాల్ గారి భయం వేరు: ఎవరైనా మన కాలేజీలోని మనిషి పేరే రాస్తే?

పాత కౌన్సెలర్:

రాస్తారు. దానికి సిద్ధపడే పెట్టండి, సిద్ధంగా లేకపోతే తీగ కట్టకండి. కార్డులు నేరుగా తగిలించనివ్వకుండా పెట్టెలో వేయించండి. సాయంత్రం ఇద్దరు, అందులో ఒకరు మీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యురాలు, చదివి పేర్లు లేనివి తగిలించాలి. పేరున్న కార్డు చించకూడదు, దాచి కమిటీకి ఇవ్వాలి. కార్డు అడుగున "నాతో ఎవరైనా మాట్లాడాలి" అని చిన్న గడి పెట్టి, కావాలనుకున్నవాళ్లు ఫోన్ నంబరు రాసేలా చూడండి. ప్రాంగణంలో ఇంటర్ పిల్లలుంటే ఇంకా జాగ్రత్త: పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక నేరం జరిగిందని మీకు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆ సంగతి పెట్టె మీదే రాయండి, రాసే పిల్లకు ముందే తెలియాలి. ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098, మానసిక సాయానికి 14416, ఈ మూడు నంబర్లు గదిలోపల కాకుండా బయటి గోడ మీద, రాసుకోవడానికి పెన్నుతో సహా పెట్టండి.

చదివే అబ్బాయిల గురించి ఒక మాట. మొదటిసారి చదివేటప్పుడు ఒకరిద్దరికి నవ్వు వస్తుంది. అది ఎగతాళి నవ్వు కాదు, ఏం చేయాలో తోచక వచ్చేది. బయటికి పంపకండి, ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి ఒంటరిగా చదువుకుని మర్నాడు రమ్మనండి. కార్డుల మీద రాసే మాటలు సిద్ధమయ్యాక నాకు పంపితే, ఎవరి గుర్తింపైనా బయటపడుతోందేమో చూసి చెబుతాను.