ప్రభుత్వ మ్యూజియం బోర్డులో కూర్చోవడానికి వంశవృక్షం కావాలా?

పొటోమాక్_గట్టు:
అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, స్వాతంత్ర్య కాలపు నాయకుడు జార్జ్ మేసన్ ఇల్లు గన్‌స్టన్ హాల్ ఇప్పుడు మ్యూజియం, రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని నడపడానికి మాత్రం నేషనల్ సొసైటీ ఆఫ్ ది కొలోనియల్ డేమ్స్ ఆఫ్ అమెరికా సభ్యులతో బోర్డు ఏర్పాటైంది. 1891లో పుట్టిన మహిళా సంఘం ఇది, క్లుప్తంగా డేమ్స్ అంటారు. చేరాలంటే మీ పూర్వీకులొకరు 1750కి ముందే ఇక్కడి బ్రిటిష్ కాలనీల్లో స్థిరపడి ఉండాలి, 1776 జులై 5కి ముందు కాలనీకి సేవ చేసి ఉండాలి. అవన్నీ ఉన్నా ఆహ్వానం వస్తేనే లోపలికి. సొంత క్లబ్బుకి ఎలాంటి నియమమైనా పెట్టుకోనివ్వండి. ప్రజల ఆస్తి మీద పెత్తనం పుట్టుకను బట్టి రావడం తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత_ఇటుక:
ఆ ఇల్లు ప్రభుత్వానికి ఆకాశం నుంచి ఊడిపడలేదండీ. యజమాని లూయీ హెర్టల్ 1932లో రాసిచ్చినప్పుడే డేమ్స్ నడపాలని షరతు పెట్టారు. వర్జీనియాలోనే తొలినాటి ఇంగ్లిష్ వలస ఊరు జేమ్స్‌టౌన్ కూడా చూడండి. 1619లో మొదటి ప్రతినిధుల సభ జరిగిన చర్చి పునాదుల మీద 1907లో స్మారక చర్చి కట్టించింది వీళ్లే. అప్పటికి ఈ దేశంలో చాలామంది ఆడవాళ్లకు ఓటే లేదు. ఓటు లేనివాళ్లు పట్టుబట్టి కాపాడినవాటిని ఈ రోజు లాగేసుకోవడం అన్యాయం.

చుక్కల_ముగ్గు:
నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌ని 1939లో తమ హాల్లో పాడనివ్వనిది వీళ్లే కదా?

పాత_ఇటుక:
కాదండీ. అది డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్, వేరే సంఘం. ఒకరి తప్పు ఇంకొకరి మీద వేయొద్దు.

నాపరాయి:
సరే, డేమ్స్ సొంత పనే చూద్దాం. జార్జియాలో సవానా ఊరు 1733లో వెలిసిందంటే అక్కడి యమక్రా తెగ నాయకుడు టొమోచిచి సాయం చాలా ఉంది. 1739లో ఆయన చనిపోతే ఊరి మధ్య స్క్వేర్‌లో గౌరవంగా పూడ్చారు. 1883లో అదే చోట రైల్వే కంపెనీ అధ్యక్షుడు విలియం గోర్డన్‌కి స్మారకం లేపారు. ఇది అన్యాయమని ముందుకొచ్చింది ఆ గోర్డన్ కోడలే, నెల్లీ గోర్డన్. ఆవిడ జార్జియా డేమ్స్ నాయకురాలు. 1899లో వాళ్లు అదే స్క్వేర్‌లో టొమోచిచి పేరున పెద్ద గ్రానైట్ బండ పెట్టించారు. సొంత మామగారి స్మారకం పక్కనే ఆ పని చేయించిన మనిషి అంటే నాకు నిజంగా గౌరవం. కానీ బండ మీద రాసింది చదవండి: కాలనీకి మిత్రుడు, కాలనీ స్థాపకుడు ఓగల్‌థార్ప్‌కి సహచరుడు. ఆయన జనం ఏమయ్యారో అందులో లేదు. వలస వచ్చినవాళ్ల మనవరాళ్లు మాత్రమే కూర్చుని రాస్తే ఎంత మంచి మనసున్నా రాత అలాగే ఉంటుంది. బోర్డు విషయంలో నా అభ్యంతరం ఇదొక్కటే.

పాత_ఇటుక:
అది 1899 నాటి రాత. ఇప్పటి గైడ్లు బానిసల గురించీ చెబుతున్నారు కదా?

పొటోమాక్_గట్టు:
చెప్పడం వేరు, నిర్ణయించడం వేరు. 1776లో మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాజీవులని వర్జీనియా హక్కుల ప్రకటన రాసిన మేసన్ ఇంట్లోనే బానిసలు ఉండేవారు. వాళ్లలోనూ 1750కి ముందు ఈ నేల మీదికి వచ్చినవాళ్ల వారసులు ఉండి ఉంటారు. నిరూపించడం ఎలా? 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వయసు, లింగం, రంగు రాశారు గానీ పేరు రాయలేదు. వాళ్లలో ఎక్కువమంది పూర్తి పేరు జనాభా లెక్కలకెక్కింది 1870లోనే. ఇక కాలనీకి సేవ అంటారా, వాళ్ల చాకిరీని ఎవరు లెక్కేశారు?

నాపరాయి:
దారి లేకపోలేదు. వర్జీనియాలోనే అమెరికా నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఇల్లు మాంట్‌పీలియర్‌ని నడిపే ఫౌండేషన్, అక్కడి బానిసల వారసులకు బోర్డులో సమాన వాటా ఇస్తామని 2021లో ఒప్పుకుంది. మరుసటి ఏడాది వెనక్కి తగ్గితే పెద్ద గొడవైంది. 2022 మేలో వారసుల కమిటీ సూచించినవాళ్లను బోర్డులోకి తీసుకోక తప్పలేదు. డేమ్స్‌ని దించమని నేను అనను. హెర్టల్ షరతు వాళ్లు ఉండాలంటోంది, సరే. వాళ్ల పక్కన ఇంకెవరూ కూర్చోకూడదని కూడా అందులో ఉందా? ఆ దానపత్రం చదివినవాళ్లుంటే ఆ భాగం ఇక్కడ రాయండి, దాన్ని బట్టి మాట్లాడుకుందాం.